ఎనిమిది సీట్లు, ముగ్గురు మనుషులు, ఒక రాయి

సామర్లకోటలో రంగుల కొట్టు నడిపే ఎర్రంశెట్టి సోమరాజు ఎనిమిది సీట్ల బండి కొన్ననాటికి ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. తను, భార్య మంగతాయారు, తల్లి ఆదెమ్మ. మిగతా ఐదు సీట్లూ ఎవరికని ఊరంతా అడిగింది. అక్కచెల్లెళ్లు నలుగురున్నారని, బావలున్నారని, అందరూ కలిసి అన్నవరం వెళ్లొస్తామని సోమరాజు గర్వంగా చెప్పేవాడు. ఒకసారి అలాగే వెళ్లారు కూడా. ఎనిమిది సీట్లలో పదమూడు మంది ఎక్కారు. కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదలైన మాట, తిరుగు ప్రయాణంలో ముదిరి పాకాన పడి, ఇద్దరు బావలు కత్తిపూడి దగ్గర దిగిపోయి బస్సెక్కారు. ఆ తర్వాత ఆ బండిలో చుట్టాలెవరూ కాలు పెట్టలేదు.

ఈలోగా డీజిలు ధర ఆకాశాన్నంటింది. "బయటికి తీస్తే డీజిలు తాగుద్ది, తియ్యకపోతే వాకిలి మింగుద్ది. ముగ్గురికి ఇంత బండేంటండీ బాబూ, అమ్మేద్దురూ" అని మంగతాయారు రోజూ పొద్దున్నే కాఫీతో పాటు ఓ మాట వడ్డించేది. సోమరాజుకి లోపల లోపల అదే నిజమనిపించేది. పైకి మాత్రం మీసం తిప్పి ఊరుకునేవాడు.

అంతలో ఆదెమ్మ పెరట్లో కాలుజారి పడింది. మోకాలు చిప్ప విరిగింది. కాకినాడలో ఆపరేషనైతే అయింది గాని, కాలు రోకలిలా బిగుసుకుపోయి వంగనంది. వారానికి మూడుసార్లు వచ్చి వ్యాయామం చేయించుకుంటే కాలు వంగుతుందని, మధ్యలో మానేస్తే ఇక జీవితాంతం అంతేనని ఫిజియోథెరపీ చేసే స్వరూప కచ్చితంగా చెప్పింది.

ఆటోలో తీసుకెళ్లబోతే కాలు బయటికొచ్చింది. ఇనప ఊచల లారీకి కట్టినట్టు చివర ఎర్ర గుడ్డ కట్టుకోమన్నాడు ట్రాఫిక్ పోలీసు. పక్కింటివాళ్ల చిన్న కారులో ఎక్కించబోతే కాలు పట్టింది కాని ఆదెమ్మ పట్టలేదు. చివరికి ఇంట్లో ఉన్న బండే గతైంది. మధ్య వరసలో మూడు సీట్ల మీదా కాలు బారజాపుకుని ఆదెమ్మ మహారాణిలా కూర్చుంది. అది చూసి మంగతాయారు తన మాటలన్నీ వెనక్కి తీసుకుంది. "కొన్నందుకు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందండీ" అంది. సోమరాజుకి కళ్లు చెమర్చాయి. పెళ్లైన ఇరవై ఎనిమిదేళ్లలో అతను ఒక్క విషయంలో ఒప్పు కావడం అదే మొదలు.

సరిగ్గా ఆ వారమే ఖాళీ సీట్ల నివారణ సంస్థ పుట్టింది.

ఇంధనం మండిపోతున్న రోజుల్లో పెద్ద బండ్లు ఖాళీ సీట్లతో ఊరేగడం సంస్థవారికి నిద్ర పట్టనివ్వలేదు. పెద్ద బండ్లు ఎందుకు కొంటున్నారు, బస్సులు ఎందుకు సరిపోవడం లేదు వంటి ప్రశ్నలు వాళ్ల పరిధిలోకి రావు. సీటు ఖాళీగా ఉందా లేదా అన్నదే వాళ్ల పరిధి. "ఖాళీ సీటు, దేశానికి చేటు" అని గోడలన్నిటి మీదా రాయించారు. అందుకు పసుపు రంగు సోమరాజు కొట్లోంచే వెళ్లింది. అయిదుకు మించి సీట్లున్న బండిలో కనీసం సగం సీట్లు కుటుంబ సభ్యులతో నిండి ఉండాలి. ప్రతి బంకు దగ్గరా ఒక పరిశీలకుడు తలలు లెక్కపెట్టి చీటీ ఇస్తాడు. చీటీ లేనిదే డీజిలు లేదు. మూడుసార్లు తక్కువ పడితే బండి జప్తు. ఆ నిబంధనలు పెదవి విరుస్తూ చదివాడు సోమరాజు. ఎనిమిదిలో సగం నాలుగు. తాము ముగ్గురు.

మర్నాడు కాకినాడ బయల్దేరుతుంటే ఆదెమ్మ బండిలోంచి కేకేసింది.

"ఒరే సోమూ! ముగ్గురం ఎల్తన్నాం, రాయేదిరా?"

ముగ్గురు కలిసి పనిమీద బయల్దేరితే ఆ పని కాదని ఆవిడ నమ్మకం. ఓ రాయి తోడు తెచ్చుకుంటే నలుగురైనట్టే. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రాయి ఆవిడే స్వయంగా వంగి ఏరుకునేది. ఇంకొకరు ఏరిస్తే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు వంగలేక కొడుక్కి పురమాయించాల్సి రావడం ఆవిడకి కాలి నొప్పి కంటే ఎక్కువగా బాధించింది.

సోమరాజు ఓ గులకరాయి తెచ్చాడు.

"ఈ బుడంకాయ ఏ మూలకిరా? మోకాలు బాగుపడాలి. కాస్త గట్టోణ్ణి తీసుకురా" అంది. అతను గోడవార వెతికి, కొబ్బరికాయకి చిన్నది, బత్తాయికి పెద్దది అనదగ్గ నున్నటి రాయిని తెచ్చి వెనక సీట్లో పెట్టాడు.

బంకు దగ్గర పరిశీలకుడు దక్షిణామూర్తి బండి చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. మెడలో బిళ్ల, చంకలో నిబంధనల పుస్తకం, చెవిలో పెన్ను. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పుస్తకంలో లేనిది ప్రపంచంలో లేదని నమ్మినవాడు.

"సదరు వాహనంలో సీట్లు ఎనిమిది. సదరు కుటుంబ సభ్యులు ముగ్గురు. కనీస నిండుదనానికి ఒకరు కొరత. చీటీ ఇచ్చుటకు వీలుపడదు."

"అయ్యా, మా అమ్మ కాలు చూడండి..." అని సోమరాజు మొదలుపెట్టేలోగా ఆదెమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ముగ్గురేంటయ్యా? కళ్లు కనపట్టం లేదా? నలుగురం. ఎనకాల రాయిని లెక్కెట్టావా?"

మంగతాయారు నవ్వాపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది. దక్షిణామూర్తి నవ్వలేదు. పుస్తకం తీసి నాలుగో నిబంధన పైకి చదివాడు. "ఖాళీ సీటు అనగా మనిషి గాని, కుటుంబ ఆచారము చొప్పున మనిషితో సమానముగా ఎంచబడునది గాని ఆసీనమై ఉండని సీటు." ఉత్సవ విగ్రహాలు తీసుకెళ్లే బండ్లను ఆపితే గొడవలవుతాయని ఎవరో ముందుచూపుతో రాసిన వాక్యమది. రాయి గురించి రాసినవాళ్లకి తట్టలేదు.

"ఆచారం చొప్పున దీన్ని మనిషిగా ఎంచుతారా?"

"ఎంచకపోతే ఎందుకు మోసుకొత్తాం? మీ ఇంట్లో ముగ్గురు బయల్దేరితే ఏం సేత్తారు నాయనా?"

దక్షిణామూర్తి పుస్తకం మూశాడు. "మా నాయనమ్మ కూడా రాయే ఇచ్చేదండి" అన్నాడు మెల్లగా. వెంటనే గొంతు సవరించుకుని ఫారం తీశాడు. "పేరు?"

"రాయికి పేరేంటండీ!" అన్నాడు సోమరాజు.

"పేరు లేని కుటుంబ సభ్యుణ్ణి నమోదు చేయుటకు గడి లేదు."

"గుండయ్య అని రాసుకో" అంది ఆదెమ్మ.

"సంబంధం?"

ఆవిడ కొంచెం ఆలోచించి, "తోడు" అంది. అలాగే రాశాడు. చీటీ ఇచ్చాడు. డీజిలు పడింది. ఆ రోజు కాకినాడలో ఆదెమ్మ మోకాలు మొట్టమొదటిసారి రెండంగుళాలు వంగింది. ఇదంతా గుండయ్య చలవేనని ఆవిడ ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉంది.

మూడు రోజుల్లో ఈ సంగతి ఊరూవాడా పాకింది. వారం తిరిగేసరికి జిల్లాలో పెద్ద బండ్లన్నీ రాళ్లతో తిరగసాగాయి. రైలు పట్టాల పక్క కంకరకి గిరాకీ వచ్చింది. భార్యాభర్తలిద్దరే ఉన్న ఇళ్లల్లో కూడా ఇద్దరేసి రాళ్లు పెరిగారు. ఖాళీ సీట్లు నూటికి తొంభై నాలుగు వంతులు తగ్గాయని సంస్థ ప్రాంతీయ సంచాలకులు విశ్వంభరం గారు విలేఖరుల్ని పిలిచి ప్రకటించారు. డీజిలు వాడకం తగ్గిందా అని ఒక విలేఖరి అడిగాడు. "అది మా శాఖ లెక్క కాదు. మాది సీట్ల లెక్క" అన్నారాయన.

అయితే ఆయన ఊరికే కూర్చునే మనిషి కాదు. అరకిలో రాయిని నిండు మనిషిగా లెక్కించడం మానవ జాతికి అవమానమని ఆయన మనసు నొచ్చుకుంది. రెండో ఉత్తర్వు వచ్చింది. సగటు వయోజనుడి బరువు యాభై ఎనిమిది కిలోలు కనుక, మనిషిగా ఎంచబడు రాయి కూడా యాభై ఎనిమిది కిలోలకు తగ్గరాదు. రాళ్లకు సీటు బెల్టు తప్పనిసరి. తక్కువ బరువు గల రాళ్లను అయిదేళ్ల లోపు పిల్లలుగా భావించి ఒళ్లో కూర్చోబెట్టుకోవలెను, వారికి సీటు లేదు.

గుండయ్య ఆదెమ్మ ఒళ్లోకి చేరాడు.

యాభై ఎనిమిది కిలోల రాయి ఎక్కడ దొరుకుతుంది? ఆ మాట అడగ్గానే ఆదెమ్మ పెరటివైపు చెయ్యి చూపించింది. మిక్సీ వచ్చిన దగ్గర్నుంచీ కరివేపాకు చెట్టు కింద వర్షానికి నానుతున్న రుబ్బురోలు. తూచి చూస్తే అరవై ఒకటి. నలుగురు మనుషులు పట్టి వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టారు. సోమరాజు దాని మీద నమోదు నంబరు తెల్ల రంగుతో స్వయంగా రాశాడు. బండి మునుపటికంటే ఎక్కువ డీజిలు తాగింది. పోనీలే, అమ్మ కాలు వంగుతోంది కదా అని అతను సరిపెట్టుకున్నాడు. అప్పటికి మోకాలు సగం వంగింది. ఇంకో నెల రోజులు తప్పకుండా రావాలంది స్వరూప.

ఆ నెలలోనే మూడో ఉత్తర్వు. తొంభై నాలుగు వంతులతో సంచాలకుల వారికి తృప్తి కలగలేదు. ఇక మీదట సగం కాదు, మొత్తం సీట్లన్నీ నిండాలి. తిరిగే బండే కాదు, ఇంటి ముందు ఆగి ఉన్న బండి కూడా నిండుగానే ఉండాలి. ఎప్పుడైనా వచ్చి చూస్తారు.

సోమరాజు వేళ్ల మీద లెక్క వేశాడు. వెనక మూడు, మధ్యలో రెండు, మొత్తం ఐదు రోళ్లు కావాలి. అక్కచెల్లెళ్లకి ఫోన్లు చేశాడు. అన్నవరం గొడవ తర్వాత పలకని బావలు కూడా ఈసారి మారు మాట్లాడకుండా ట్రాలీ ఆటోల్లో తలా ఒక రోలు పంపించారు. మనుషులు రాకపోయినా రోళ్లొచ్చాయి. పెదక్క రోలు, చినక్క రోలు అని తనిఖీకి ఇంటికొచ్చిన దక్షిణామూర్తి సంబంధాలతో సహా రాసుకున్నాడు. వెనక మూడూ సర్దాక సోమరాజు మధ్య వరస దగ్గర ఆగిపోయాడు. ఆ రెండు సీట్ల మీదే కదా అమ్మ కాలు ఉండేది.

"ఇక్కడ కాలుంటుందండి. కాలున్న సీటు ఖాళీ కాదు కదండీ?"

దక్షిణామూర్తి పుస్తకం తిరగేశాడు. అతని మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "కాలు వ్యక్తి కాదండి. వ్యక్తిలో భాగం."

"రాయి వ్యక్తీ, మా అమ్మ కాలు కాదా?"

"రాయికి ఆచారం ఉందండి. కాలికి లేదు."

సోమరాజు కాకినాడలో సంస్థ కార్యాలయానికి పరిగెత్తాడు. విశ్వంభరం గారు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే కళ్లు మూసుకుని వింటారు. విన్నాక కళ్లు తెరిచి, "మీ ఆవేదన మా దృష్టికి వచ్చినది" అన్నారు.

"సీటు పీకేయించుకోమంటారా అండి?"

"పీకేసిన సీటు శాశ్వతంగా ఖాళీ అయిన సీటు. అది మరింత తీవ్రమైన అపరాధం."

"మరి మా అమ్మెలా వస్తుందండీ? ఈ నెల తప్పితే ఆ కాలింక వంగదంటున్నారు."

"మార్గం లేకపోలేదు. మీ మాతృమూర్తి కాలును ప్రత్యేక సభ్యునిగా నమోదు కోరుతూ దరఖాస్తు పెట్టుకోండి. వంగని కాళ్ల పరిశీలనకు ఒక ఉపసంఘం వేస్తాం. తొంభై దినాల్లో నివేదిక. అప్పటికీ కాలు వంగకుండా ఉంటే తప్పక అనుకూలంగా పరిశీలిస్తాం."

సోమరాజు మెట్లు దిగి వచ్చి ఆ వీధి మధ్యలో నిలబడి ఏడ్చినంత పని చేశాడు. తొంభై దినాలకి కాలు వంగకపోతే సీటిస్తారట! వంగనివ్వకుండా చేసేదే వీళ్లు కదా! ఇంటికొచ్చి, ఆ కోపంలో, మధ్య వరసలో ఖాళీగా ఉన్న మూడు సీట్లలోనూ రోళ్లు ఎక్కించాడు. ఆగి ఉన్న బండి కూడా నిండాలన్నారు కనుక ముందు సీట్లోనూ ఒకటి, స్టీరింగు ముందు ఇంకొకటి పెట్టించి బెల్టులు కట్టేశాడు. చాలకపోతే కొట్టు పక్క పాత ఇళ్లల్లోంచి తెప్పించాడు. ఎనిమిది సీట్లు, ఎనిమిది రోళ్లు. ఇప్పుడు ఆ బండిలో నిబంధన ఉల్లంఘన ఆవగింజంత కూడా లేదు. మనిషి ఎక్కడానికి చోటు మాత్రం లేదు.

ఆదెమ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని చాలాసేపు బండిని చూసింది.

"ముప్పయ్యేళ్లు ఆ రోలు ముందు నేను కూకున్నాన్రా సోమూ. ఇప్పుడది నా సీట్లో కూకుంది."

సోమరాజు అరుగెక్కాడు. తల్లి పక్కన కూలబడి ఆవిడ కాలి మీద చెయ్యి వేశాడు. "అమ్మా, ఈ బండి కొనడమే నా బుద్ధిలేనితనం. చిన్న ఇంటికి చిన్న బండి చాలని అందరూ చెప్పారు" అన్నాడు.

"బండి మాటకేంలే. ఆ స్వరూపకి ఫోన్ కలుపు" అంది ఆవిడ.

వ్యాయామం ఇంట్లోనూ చేసుకోవచ్చు గాని, తన దగ్గరుండే యంత్రాలు అక్కడుండవని, నొప్పికి ఓర్చుకోలేక నూటికి తొంభై మంది రెండో రోజే మానేస్తారని స్వరూప ఫోన్‌లో చెప్పింది. చీలమండకి అరకిలో బరువు కట్టుకుని కాలెత్తాలి, పది లెక్కపెట్టి దించాలి, తర్వాత మెల్లగా మడవాలి.

"అరకిలో బరువంటే?" అని మంగతాయారు అటూ ఇటూ చూసింది. ఆదెమ్మ ఒళ్లో గుండయ్య ఉన్నాడు.

పాత చీర చించి, గుండయ్యను మూట కట్టి, అత్తగారి చీలమండకి బిగించింది మంగతాయారు. ఆదెమ్మ ఎదురుగా బండిలో బెల్టు కట్టుకుని కూర్చున్న రోళ్లను చూస్తూ కాలెత్తింది. నొప్పికి ప్రాణం విలవిల్లాడినప్పుడల్లా వాటిని పేరు పేరునా తిట్టింది. "దిగు, దిగవే పెద్దరోలా! నా సీటు నాకియ్యి!" వీధిలో పోయేవాళ్లు ఆగి చూసేవారు. పొద్దున వంద తిట్లు, సాయంత్రం వంద తిట్లు. స్వరూప చెప్పిన తొంభై మందిలో ఆదెమ్మ చేరలేదు. కోపమే ఆవిడకి యంత్రమైంది. మూడో వారానికి కర్ర పట్టుకుని గుమ్మం దాటింది. ఐదో వారానికి కర్ర కోడలికిచ్చి నాలుగడుగులు వేసింది. ఆ రోజు సోమరాజు కొట్టు కట్టేసి వచ్చి వీధంతా మిఠాయి పంచాడు.

అదే రోజు సంస్థ నుంచి తాఖీదు వచ్చింది. సోమరాజు భయంభయంగా విప్పాడు. తీరా చదివితే అభినందన పత్రం. గత ముప్పై దినాలుగా ఎన్నిసార్లు తనిఖీ చేసినా నూటికి నూరు వంతులు నిండుదనం, డీజిలు వాడకం సున్నా. రాష్ట్రంలో మరే వాహనమూ ఇంతటి ఘనత సాధించలేదు కనుక దీనిని ఆదర్శ కుటుంబ వాహనంగా ఎంపిక చేయడమైనది.

సభ సోమరాజు ఇంటి ముందే జరిగింది. విశ్వంభరం గారు బండి అద్దాల్లోంచి ఎనిమిది రోళ్లకూ నమస్కారం పెట్టారు. "ఈ కుటుంబంలో ఎంత ఐకమత్యం! ఒక్కరూ లేచి పోలేదు. ఒక్కరూ కిటికీ కోసం పోట్లాడలేదు. కదలని వాహనమే దేశానికి నిజమైన పొదుపు!" అన్నారు. జనంలో ఉన్న బావలిద్దరూ తలలొంచుకున్నారు.

అప్పుడు అరుగు మీద నుంచి ఆదెమ్మ లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మెట్లు దిగి బండి దాకా నడిచి వచ్చింది.

"ఈవిడ ఎవరు?" అని అడిగారు సంచాలకులు.

"మా అమ్మండి. మీరు తొంభై దినాలన్నారే, ఆ కాలు" అన్నాడు సోమరాజు.

విశ్వంభరం గారు తడుముకోలేదు. మైకు మళ్లీ దగ్గరకు లాక్కున్నారు. "సంస్థ నిబంధనల వలన కాళ్లు కూడా బాగుపడుచున్నవి" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. బండిని ప్రజల సందర్శనార్థం కార్యాలయం ముందు దిమ్మె మీద నిలబెడతామని, సోమరాజు ఒప్పుకుంటే సంస్థే కొనుక్కుంటుందని అన్నారు. సోమరాజు ఒప్పుకోవడానికి అర నిమిషం కూడా పట్టలేదు. పట్టుకెళ్లేటప్పుడు క్రేనుకి చాలా డీజిలు ఖర్చయింది. అది ఎవరూ లెక్క రాయలేదు.

మరుసటి వారం కాకినాడలో స్వరూపకి కాలు ఆఖరుసారి చూపించడానికి ముగ్గురూ బస్సుకి బయల్దేరారు. వాకిలి ఖాళీగా, విశాలంగా ఉంది. గేటు దగ్గర ఆదెమ్మ ఆగింది. సోమరాజు ఎప్పటిలా గోడవారకి పరిగెత్తబోయాడు.

"నువ్వాగు" అంది ఆవిడ.

ఆవిడ మోకాలు మడిచింది. మెల్లగా, పళ్లు బిగబట్టి, నేల దాకా వంగింది. మట్టిలోంచి ఓ చిన్న గులకరాయి తీసుకుని లేచి నిలబడి, కొంగుతో తుడిచింది. సోమరాజు, మంగతాయారు అక్కడే నిలబడి చూశారు. ఇద్దరి కళ్లూ నీళ్లతో నిండిపోయాయి.

బస్సులో దక్షిణామూర్తి ఉన్నాడు. సంస్థ ఇప్పుడు బస్సుల్లోకి కూడా వచ్చింది. ముగ్గుర్నీ చూసి, ఆదెమ్మ చేతిలో రాయిని చూసి, అలవాటు కొద్దీ చెవిలోంచి పెన్ను తీశాడు.

"పేరు?"

ఆదెమ్మ కిటికీ పక్కన కూర్చుని, మోకాలు హాయిగా మడుచుకుని, గుప్పిట మూసింది.

"రాసుకోకు నాయనా. ఈడికి సీటక్కర్లేదు. నా చేతిలోనే ఉంటాడు."